రేవు కూడ రోడ్డే

కృష్ణాతీరపు గ్రామములనుండి చదువులకును ఉద్యోగములకును ఐరోపాఖండమునకు పోయిన మన యువకుల సంఖ్య నానాటికి పెరుగుచున్నది. వారిని చూచివచ్చుటకై తల్లిదండ్రులు గన్నవరమున విమానమెక్కి, త్రోవలో మఱియొక విమానమునకు మాఱి, జర్మనీకో హాలెండునకో చేరుచున్నారు. అచట కొన్ని దినములు గడచిన పిదప కుటుంబమంతయు మోటారులో బయలుదేరి, రెండు మూడు దేశముల మీదుగా సముద్రతీరమునకు పోయి, బండితో కూడ ఓడనెక్కి ఆవలియొడ్డు చూడవలెనను కోరిక పుట్టుట సహజము. మ్యూనిచ్ నగరమునుండి ఫ్రాన్సుదేశపు కలే రేవునకు సుమారు 1,000 కిలోమీటర్లు. గన్నవరమునుండి కలకత్తాకు గల దూరము అంతకంటె కొంత హెచ్చు. ఇంతదూరమునకు ఎన్నిగంటలు పట్టునో చేతిలోని యంత్రము క్షణములో చెప్పును. కాని ఆ లెక్కలో ఓడ లేదు. ఓడ ఎవరికొఱకును ఆగదు. ఈ సంగతి మఱచి ప్రయాణము నిశ్చయించినవారు రేవున తెల్లబోయి నిలువవలసివచ్చును.

రేవు గల ప్రయాణమును ఇంటినుండి ముందునకు లెక్కింపరాదు. రేవునుండి వెనుకకు లెక్కింపవలెను. మొదట ఓడ విడుచు దినమును వేళను తెలిసికొని, దానికి ముందు బండిని రేవులో నిలుపవలసిన గడువును తీసివేసి, ముందటి రాత్రికి రేవు దగ్గఱి యూర బస కుదుర్చుకొని, అచటినుండి ఒక్కొక్క మజిలీగా వెనుకకు వచ్చినచో, ఇల్లు విడువవలసిన దినము దానంతట అదియే తేలును. ఈ విద్యను మనము పాశ్చాత్యులయొద్ద క్రొత్తగా నేర్వవలసిన పనిలేదు. కృష్ణాగోదావరుల నడుమ పుట్టినవారికి ఇది తాతలనాటి విద్య.

గన్నవరము మీదుగా పోవు మద్రాసు–కలకత్తా రాజమార్గమునే చూడుడు. నేడు దానిని 16వ నంబరు జాతీయరహదారి యనుచున్నారు. 2010వ సంవత్సరమునకు ముందు అది 5వ నంబరు. బెజవాడకు సుమారు 20 కిలోమీటర్ల దూరముననున్న యీ యూరు ఒకప్పుడు రెండు రేవుల నడిమి మజిలీ. దక్షిణమునకు పోవువానికి కృష్ణయు, ఉత్తరమునకు పోవువానికి గోదావరియు అడ్డము. బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తియైనను, అది కాలువలకు నీరిచ్చెను గాని వరదలలో బండ్లు దాటుటకు దారి కాలేదు. 1893లో వచ్చిన వంతెన రైళ్లకొఱకు కట్టినది. 1952లో ఆనకట్ట తెగిన పిమ్మట 1954లో ఆరంభమై 1957లో ముగిసిన ప్రకాశము బరాజు మీదనే మోటారులకు ఏటిపై నిలుకడయైన దారి యేర్పడినది. గోదావరిమీద 1900లో రైలువంతెన రాగా, కొవ్వూరు రాజమహేంద్రవరముల నడుమ రోడ్డును రైలును కలిపి మోయు వంతెనకు 1974వ సంవత్సరము వఱకు ఆగవలసివచ్చెను. మన పెద్దలలో పెక్కురు రేవును విచారించిన తరువాతనే ప్రయాణమునకు ముహూర్తము పెట్టుకొనినవారు.

అట్టి ప్రయాణమునకు మన భాషలో గొప్ప సాక్ష్యము కలదు. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసీగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదీని పరివారముతో కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3వ తేదీని మరల ఇల్లు చేరిరి. వారి కాశీయాత్రచరిత్ర 1838లో అచ్చుపడెను. బెజవాడ న్యాయవాది దిగవల్లి వేంకటశివరావుగారు 1941లో దానిని పరిష్కరించి మరల ప్రకటించిరి. పుణ్యక్షేత్రముల వర్ణనకై చదువువారు ఎందఱో గలరు. ప్రయాణసన్నాహము నేర్చుటకై చదివినను ఆ గ్రంథము వమ్ముచేయదు. ఏ యూర దిగుటకు తావు గలదు, ఎచట సరకులు దొరకును, మజిలీకి మజిలీకి ఎంతదూరము, ఏ యేటిని ఎట్లు దాటవలెను అను విషయములను ఆయన వెనుక వచ్చువారికి ఉపకరించునట్లు వ్రాసిపెట్టిరి.

పోవునపుడు వీరాస్వామయ్యగారు కడప, హైదరాబాదు, నాగపురముల మీదుగా పోయిరి. వచ్చునపుడు జగన్నాథమునుండి సముద్రతీరపు దారిని పట్టిరి. ఆ దారిని వచ్చువానికి గోదావరియు కృష్ణయు దాటక తప్పదు. సెప్టెంబరు మొదట చెన్నపట్టణము చేరినారనగా ఈ నదులను దాటినది వానకాలముననే యని ఊహింపవచ్చును. నాటికి వీనిమీద ఆనకట్ట లేదు, వంతెన లేదు. పల్లకీలతో, సామానులతో, పరివారముతో వరదయేటి యొడ్డున నిలిచిన పెద్దమనిషి ఎన్నిగంటలకు చేరుదుమని యడుగడు. ఏరు ఎప్పుడు దారి యిచ్చునని యడుగును. పదునైదు నెలలకు మించిన యాత్ర సాగుటకు ఆ యోర్పే మూలధనము.

ఐరోపాలోను ఓడవేళకు రోడ్డును రైలును కుదుర్చుకొనుట పాతపద్ధతియే. సూయజు కాలువ 1869లో తెఱవబడెను. 1870 మొదలు 1914 వఱకు లండనునుండి హిందూదేశమునకు వచ్చు టపా రైలులో ఖండమును దాటి, ఇటలీ దక్షిణపుకొననున్న బ్రిండిసి రేవున ఓడనెక్కుచుండెను. మన దేశమును ఏలినవారి యుత్తరువులును, వర్తకుల లెక్కలును ఆ రేవు మీదుగనే వచ్చినవి. సామ్రాజ్యము తన టపాకై చూపిన శ్రద్ధను మన నదుల రేవులలో దాటు జనులయెడ చూపలేదనుట వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఇక నేటి ప్రయాణమునకు వలయు సన్నాహమును విచారింతము. మొదటిది అనుమతిపత్రముల సంగతి. షెంగెన్ ఒప్పందమునకు లోబడిన దేశముల నడుమ సరిహద్దులు కన్నులకు తోపవు. అయినను చుట్టపుచూపుగా పోయినవారు ఏ 180 దినములలోనైనను 90 దినములకు మించి అచట నుండరాదు. బ్రిటను, ఐర్లండు దేశములు ఆ యొప్పందమున లేవు. కావున కలేనుండి డోవరునకు దాటదలచినవారు బ్రిటను వీసాను వేఱుగ పొందవలెను. అంతకంటె ముఖ్యమైనది తిరుగుప్రయాణము. షెంగెన్ వీసా ఒక్క ప్రవేశమునకే యిచ్చినదైనచో, ఓడనెక్కినవానికి మరల ఖండమున అడుగిడుటకు హక్కు పోవును. పలుమారులు ప్రవేశించుటకు చెల్లు వీసాను ముందే కోరి తీసికొనవలెను. ఈ యొక్కమాట తెలియక రేవున చిక్కుకొనిన వృద్ధదంపతుల యవస్థ ఏ దూరపులెక్కకును అందదు.

రెండవది బండి. ఖండమున కుడిప్రక్కను, బ్రిటనున మనవలె ఎడమప్రక్కను నడపవలెను. మన దేశపు లైసెన్సుతో నడపువారు రవాణాశాఖవారిచ్చు అంతర్జాతీయ పర్మిట్టును వెంట నుంచుకొనవలెను. అది సామాన్యముగా ఒక యేడు చెల్లును. అద్దెబండియైనచో సరిహద్దు దాటించుటకును, ఓడనెక్కించుటకును అద్దెకిచ్చినవారి యనుమతి కాగితమున నుండవలెను. బీమా ఆవలియొడ్డునను చెల్లునో లేదో విచారింపవలెను. ఆస్ట్రియా, స్విట్జర్లండులలో పెద్దరోడ్లపై పోవుటకు ముందుగా సుంకపుచీటి కొనవలెను. ఫ్రాన్సు, ఇటలీలలో దూరమునుబట్టి గేట్లయొద్ద చెల్లింపవలెను. ఆల్ప్సు పర్వతముల కనుమదారులలో పెక్కు శీతకాలమున మంచుచే మూతపడును. అప్పుడు సొరంగములే శరణ్యము. 1980లో తెఱచిన గోథార్డు రోడ్డుసొరంగము సుమారు 17 కిలోమీటర్ల పొడవు గలది. సెలవుదినములలో దాని ముంగిట బండ్లు బారులు తీరి నిలుచును.

మూడవది ఓడ. కలే–డోవరుల నడుమ జలసంధి మిక్కిలి ఇఱుకైనచోట సుమారు 33 కిలోమీటర్లు. ఓడకు గంటన్నర పట్టును. కాని బ్రిటిషు అధికారుల తనిఖీ కలే రేవులోనే జరుగును గనుక, ఓడ విడుచుటకు చాలముందుగా బండి అచట నుండవలెను. చీటివెల బండి పొడవును ఎత్తును బట్టి మాఱును. పైకప్పున సామాను కట్టినచో ఆ యెత్తును చెప్పవలెను. గాలి హెచ్చినపుడు ఓడలు ఆలస్యమగును, ఒకప్పుడు ఆగిపోవును. 1994 మొదలు సముద్రగర్భపు సొరంగమున మోటారులను మోసికొనిపోవు రైలు గలదు. ఓడ ఆగినపుడు అదియొక ఆధారము. కాని ఎల్.పి.జి. వాయువుతో నడచు బండ్లను అందు ఎక్కనీయరు.

వీనినన్నిటిని చూచుకొని, పెద్దవారితో పోవునపుడు దినమునకు 400 కిలోమీటర్లకు మించకుండ మజిలీలు వేసికొనుట మేలు. మ్యూనిచ్–కలే దూరము రెండున్నర దినముల పని యగును. దానికి మఱియొక దినము చేర్చి ఖాళీగా విడువవలెను. త్రోవలో టైరు పగులవచ్చును, బిడ్డకు జ్వరము రావచ్చును, సముద్రమున గాలి లేవవచ్చును. ఏదియు జరుగనిచో ఆ దినము రేవుపట్టణమున సుఖముగా గడచును. రేవు గల ప్రయాణమున ఒక దినము నీటికి విడిచిపెట్టుట నష్టము కాదని మన పూర్వులు ఎఱుగుదురు.

ఇట్లు ఐరోపా రేవులను చూచివచ్చు మనవారు ఒక విషయమును మనసున పెట్టుకొని రావలెనని మా కోరిక. ఆ దేశములలో రేవుతో రోడ్డు ముగియదు. స్కాట్లండులోని ఇన్వర్‌నెస్ మొదలు స్పెయిను దక్షిణపుకొననున్న అల్జెసిరాస్ వఱకు పోవు ఇ–15 మార్గము డోవరున నీటిలో దిగి కలేలో అదే నంబరుతో లేచును. నార్వేదేశపు పడమటితీరమున పోవు ఇ–39 మార్గమున పలుచోట్ల ఓడలే వంతెనలు. అచట బండ్లను దాటించుట పుణ్యకార్యముగా కాని, దొరికినంత దండుకొను వ్యాపారముగా కాని యెంచక, రోడ్డు నడపుటలో భాగముగనే ప్రభుత్వము ఎంచుచున్నది. వేళ ముందుగ ప్రకటింతురు. ఎక్కినవారి లెక్క యుండును. ఓడ ఆగినచో ఏల ఆగెనో చెప్పు బాధ్యుడు ఒకడుండును.

మన రేవుల స్థితి యెట్లున్నది? పులిగడ్డ–పెనుమూడి వంతెన 2006లో వచ్చి దివిసీమకు గుంటూరుసీమకు నడుమ దూరమును తగ్గించెను. నాగాయలంక దాపున ఎదురుమొండి దీవిలోని జనులు మాత్రము తరతరములుగా పడవను నమ్ముకొని, వంతెనకై విన్నవించుకొనుచు వచ్చినారు. 1977 నవంబరు 19వ తేదీని దివిసీమను ముంచిన ఉప్పెనను తలచుకొనినవారికి, నీటినడుమ నున్న యూరికి దారి యనగా ప్రాణమని వేఱుగ చెప్పనక్కఱలేదు. ముక్త్యాల–మాదిపాడుల నడుమ బల్లకట్టును, గోదావరిపై సఖినేటిపల్లి–నరసాపురముల నడుమ పంటును ఎఱుగనివారు లేరు. ఈ రేవులలో విద్యార్థులు, రోగులు, పంటసరకులు దాటుచున్నవి. ఇవి రోడ్డులో భాగము కానిచో మఱేమి?

రేవుల నిర్వహణకు మన సీమలో 1890లోనే మద్రాసు ప్రభుత్వము కాలువలకును పబ్లికు రేవులకును చట్టము చేసెను. నాటినుండి వచ్చిన మర్యాద రేవును పాటకు పెట్టుట. పాట హెచ్చినకొలది స్థానికసంస్థకు రాబడి హెచ్చును. పెట్టిన సొమ్ము రాబట్టుకొనుటకు పాటదారునకు ఒక్కొక్క దాటునను జనమును బండ్లను ఒత్తి యెక్కింపవలెనను ఆశ పుట్టును. తప్పు పాటదారుని గుణమున నున్నదనుటకంటె పద్ధతిలో నున్నదనుట న్యాయము. రోడ్డుపై నడచుటకు జనులను వేలము వేయుట లేదు గదా!

అజాగ్రత్తకు వెల యెంతయో మనము రెండుమాఱులు చూచితిమి. 2017 నవంబరు 12వ తేదీని ఇబ్రహీంపట్నము చెంత పవిత్రసంగమము దాపున అనుమతి లేని పడవ తలక్రిందై ఇరువదిమందికి పైగా మరణించిరి. 2019 సెప్టెంబరు 15వ తేదీని గోదావరి వరదలో కచ్చులూరు వద్ద పడవ మునిగి నలువదిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. ఇవి విహారపు పడవలే గాని రేవుపంట్లు కావు. అయినను నీరు ఆ భేదము నెఱుగదు. 2024 సెప్టెంబరు మొదటిదినములలో ప్రకాశము బరాజు నుండి 11 లక్షల 43 వేల క్యూసెక్కుల నీరు దిగువకు పోయినపుడు, కట్టు తెగిన పడవలు కొట్టుకొనివచ్చి బరాజు గేట్లను ఢీకొనెను. వంతెనలు వచ్చినంతమాత్రమున కృష్ణ మనకు లోబడినదని తలచుట పొరపాటు.

కావున ప్రభుత్వమువారిని కోరునదేమనగా: ప్రతి రేవును రోడ్డుగా నెంచి రోడ్లశాఖ బాధ్యతలో చేర్పవలెను. పంటు మోయగల బరువును తెలుపు గీత దాని ప్రక్కన చెక్కించి, వేళలను, ఏ నీటిమట్టమున దాటుట నిలుపవలెనో దానిని పలకపై వ్రాయించి, ఎక్కినవారిని లెక్కించి, అందఱకు రక్షణకవచములు ఇప్పింపవలెను. పాటపై వచ్చు రాబడిని వదలుకొనవలసివచ్చినను వదలుకొనుటయే ధర్మము. లంకభూములు గల ఆసాములకును ఇందు పాలు గలదు. కూలివారిని తమ పొలములకు దాటించు నాటుపడవ సంగతి పడవవానిదే యని వారు ఊరకుండరాదు. పంట తమదైనపుడు దారియు తమదే.

కలే రేవునకు బండి తోలుకొనిపోవు మన కుమారుడు పలకపై వ్రాసిన వేళను, ఓడ నడపువాని మాటను సందేహింపక నమ్ముచున్నాడు. ఎదురుమొండి రేవున బిడ్డ నెత్తుకొని నిలిచిన తల్లియు తన పంటును అట్లే నమ్మగలిగిననాడు, మన రాజమార్గము పూర్తియైనదని చెప్పుకొనవచ్చును.