కాగితపు అంచనా: తూకము, ఠావు, తేమ

ముద్రణకు కావలసిన కాగితమును మిల్లువారు కిలోల లెక్కన అమ్ముదురు. ముద్రణాలయమువారు దానిని ఠావుల లెక్కన వాడుదురు. పుస్తకము వేయించువారు పుటల లెక్కన ఆలోచింతురు. ఒకే వస్తువునకు ఈ మూడు లెక్కలు ఉండుటచేత, వాటిని కలుపు సూత్రము తెలియనివారి అంచనా తప్పుట సహజము. పాఠశాల వార్షిక సంచికకు పోగుచేసిన సొమ్ము సాధారణముగా చాలీచాలనిదే. వానలు పడని ఏట అది ఎంత కష్టముమీద వచ్చునో అనంతపురము సీమలోని ఉపాధ్యాయులకు వేరుగా చెప్పనక్కరలేదు. అట్టి సొమ్ముతో తలపెట్టిన సంచిక, కాగితము చాలక చివరి ఫారము దగ్గర ఆగిపోయినచో, తిరిగి చందాలు అడుగుటకు ఎవరికి నోరు వచ్చును? అదిగాక ఈ పీఠభూమిపై కాగితపు లెక్కలో గాలి కూడ ఒక పాత్ర వహించుచున్నది. ఆ సంగతి తరువాత చూతము.

మొదట తూకము. కాగితము దళసరిని తెలుపుటకు నేడు వాడుకలోనున్న కొలత, ఒక చదరపు మీటరు కాగితము ఎన్ని గ్రాములు తూగునను సంఖ్య. వర్తకులు దీనినే జి.ఎస్.ఎం. అందురు. మనము వ్రాయు నోటుపుస్తకములలో సుమారు 55 మొదలు 60 గ్రాముల కాగితము, నకళ్లు తీయు యంత్రములలో 70 మొదలు 80 గ్రాముల కాగితము, అట్టలకు 200 గ్రాములు అంతకు మించినది వాడుదురు. పూర్వము ఈ కొలత లేదు. రీము ఎన్ని పౌనులు తూగునో దానినిబట్టి కాగితమును పిలిచెడివారు. ఠావు పరిమాణము చెప్పక ఇన్ని పౌనుల కాగితమనినచో అర్థమే లేదు. పెద్ద ఠావు పలుచనిదైనను, చిన్న ఠావు దళసరిదైనను రెండు రీములు ఒకే తూకము తూగవచ్చును. రీములోని లెక్క కూడ స్థిరముగా లేదు. దస్తాకు 24 ఠావులు, 20 దస్తాలు ఒక రీము అను పాత లెక్కన 480 ఠావులే వచ్చును. నేటి రీము 500 ఠావులు. 1956లో మన దేశమున మెట్రిక్ కొలతల చట్టము వచ్చిన పిమ్మట ఈ చిక్కులు క్రమముగా తొలగినవి.

ఇప్పుడు రీము తూకము కనుగొనుట సులభము. ఠావు పొడవును, వెడల్పును సెంటీమీటర్లలో హెచ్చించి, దానిని చదరపు మీటరు బరువుతో హెచ్చించి, 20,000చే భాగింపవలెను. వచ్చినది 500 ఠావుల తూకము, కిలోలలో. ఈ 20,000 ఎక్కడనుండి వచ్చినదో విద్యార్థులు తామే కనుగొనదగును: చదరపు మీటరునకు 10,000 చదరపు సెంటీమీటర్లు, కిలోకు 1,000 గ్రాములు, రీమునకు 500 ఠావులు. డబుల్ డెమ్మీ ఠావు 57 × 89 సెంటీమీటర్లు. 60 గ్రాముల కాగితమైనచో రీము 15.22 కిలోలు తూగును. అదే ఠావు 70 గ్రాములదైనచో 17.76 కిలోలు.

పరీక్షించి చూచుటకు ఎ-4 కాగితము అనుకూలమైనది. జర్మనీలో 1922లో ప్రమాణముగా స్వీకరింపబడిన ఈ వరుసలో ఎ-0 ఠావు వైశాల్యము సరిగా ఒక చదరపు మీటరు. దానిని నాలుగుమారులు సగము సగముగా మడచిన ఎ-4 వచ్చును. అనగా పదునారవ వంతు. కనుక 80 గ్రాముల ఎ-4 కాగితము ఒక్కటి 5 గ్రాములు, 500 కాగితముల కట్ట రెండున్నర కిలోలు. కట్టపై వ్రాసిన సంఖ్య నిజమో కాదో పాఠశాల త్రాసుతోనే తేల్చవచ్చును.

చదరపు మీటరు బరువులో చిన్న మార్పు ఎంత పని చేయునో వార్తాపత్రికల కాగితమును చూచిన తెలియును. పప్పూరు రామాచార్యులుగారు 1926లో అనంతపురమునుండి శ్రీ సాధన పత్రికను వారపత్రికగా ప్రారంభించునప్పటికి మన దేశమున న్యూస్‌ప్రింటు తయారగుట లేదు. మధ్యప్రదేశములోని నేపానగర్ మిల్లు దానిని 1955లో తయారుచేయ నారంభించినది. అంతవరకు ఆ కాగితము ఓడలలో రావలసినదే. ఆ కాలమున న్యూస్‌ప్రింటు సాధారణముగా 52 గ్రాములది. నేడు 45 గ్రాములది విరివిగా వాడుకలోనున్నది. ఊహకు వేయి ప్రతుల వారపత్రిక నొకదానిని తీసికొందము (ఇది శ్రీ సాధన పత్రిక అసలు లెక్క కాదు). ప్రతికి 60 × 90 సెంటీమీటర్ల ఠావు ఒకటి చొప్పున, 52 గ్రాముల కాగితమైనచో ఏడాదికి 52 వారములకు 1,460 కిలోలు కావలెను. 45 గ్రాములదైనచో 1,264 కిలోలు చాలును. మిగిలిన 196 కిలోల పలుచని కాగితముతో ఇంకను ఎనిమిది వారములు పత్రిక నడపవచ్చును. పాఠకునికి ఒక్క అక్షరము తగ్గదు. కాగితము మరీ పలుచనిదైన వెనుకపుట అక్షరములు ఈ ప్రక్కకు కనబడును. పొదుపునకు అదియే హద్దు.

ఇక మన వార్షిక సంచిక. 96 పుటలు, డెమ్మీలో ఎనిమిదవ వంతు పరిమాణము, 600 ప్రతులు అనుకొందము. డబుల్ డెమ్మీ ఠావును మడచిన 16 ఆకులు, అనగా 32 పుటలు వచ్చును. కనుక ప్రతికి మూడు ఠావులు. 600 ప్రతులకు 1,800 ఠావులు. ఇంతవరకు చిక్కు లేదు.

చెడిపోవు కాగితమును లెక్కించుటలోనే చాలమంది పొరబడుదురు. నూటికి ఐదో, ఆరో కలుపవలెనని వాడుక. ఆ శాతమును గ్రుడ్డిగా నమ్మరాదు. ఆఫ్‌సెట్ యంత్రముపై ఫారమును ఎక్కించిన పిదప సిరా, నీరు, వరుస సరిపడువరకు కొన్ని ఠావులు పాడగును. ఇవి ఫారమునకు ఇన్ని అని పోవునేగాని, ప్రతుల సంఖ్యనుబట్టి అంతగా మారవు. ఒక్కొక్క ఠావునకు రెండు ప్రక్కలకు కలిపి 36 పాడగునని అనుకొందము. మూడింటికి 108. 1,800 ఠావులపై ఇది సరిగా నూటికి ఆరు. ఆ 108 ఠావులే, 100 ప్రతులు మాత్రమే వేయించినచో, 300 ఠావులపై నూటికి 36 అగును! 3,000 ప్రతులు వేయించినచో నూటికి ఒకటింబావుకు మించదు. కొద్ది ప్రతులు వేయించు పాఠశాలకు ప్రతి ఒక్కింటికి ఖర్చు ఎక్కువగుటకు ఇది ఒక కారణము. ముద్రణాలయమువారి దురాశయే కాదు.

మన లెక్కకు 1,908 ఠావులు వచ్చినవి. నాలుగు రీములు, అనగా 2,000 ఠావులు కొనవలెను. 60.88 కిలోలు. కిలో 80 రూపాయలనుకొన్నచో (ఇది లెక్కకొరకు అనుకొన్న ధరయే) 4,870 రూపాయలు. 70 గ్రాముల కాగితము కోరినచో 5,682 రూపాయలు. పన్ను, రవాణా వీనికి అదనము.

సంచిక అచ్చుకు సిద్ధమైన నాడు ఎవరిదో ఒకరి సందేశము ఆలస్యముగా వచ్చుట కలదు. దానితో 97వ పుట అవసరమగును. పుస్తకమున ఒంటి పుట ఉండదు. కనీసము నాలుగు పుటల మడత కావలెను. దానికి పట్టు కాగితము ప్రతికి ఠావులో ఎనిమిదవ వంతు, మొత్తము 75 ఠావులే. పాడగు ఠావులను కూడ చేర్చినచో మన నాలుగు రీములు చాలకపోవచ్చును. అంతకంటె ముఖ్యముగా మరొక ఫారము, మరొక మడత, మరొక కూర్పు పనికి కూలి పడును. ఆ సందేశమును సంపాదకీయము క్రింద ఇరికించుటయే మేలని నా అభిప్రాయము.

అట్టవద్ద ఇంకొక ఉచ్చు ఉన్నది. సంచిక అంచులు కోసిన పిదప 14 × 21.5 సెంటీమీటర్లు. అట్టను విప్పిన 28 సెంటీమీటర్ల వెడల్పు. వెన్ను దళసరి దీనికి చేరవలెను: 48 ఆకులు, ఆకు సుమారు 0.08 మిల్లీమీటరు, మొత్తము దాదాపు 4 మిల్లీమీటర్లు. కోతకు అంచులు వదలినచో 29 × 22.1 సెంటీమీటర్ల ముక్క కావలెను. 57 × 89 ఠావును ఎనిమిది చేసిన 28.5 × 22.25 మాత్రమే వచ్చును. అర సెంటీమీటరు చాలక ఎనిమిది ముక్కలు రావు. 58.5 × 91 సెంటీమీటర్ల ఠావు తీసికొన్నచో ముక్క 29.25 × 22.75 అగును, ఎనిమిదియు వచ్చును. 600 అట్టలకు 75 ఠావులు, పాడగువానితో 90. 250 గ్రాముల అట్టకాగితమైనచో సుమారు 12 కిలోలు.

తయారైన ఒక ప్రతి లోపలి కాగితము 87 గ్రాములు, అట్ట 15 గ్రాములు, మొత్తము 102 గ్రాములు తూగును. తపాలా ఖర్చుకు, బస్సు పార్సిలుకు ఈ అంకె పనికివచ్చును. 600 ప్రతులలోని లోపలి కాగితము 52 కిలోలు. కొన్నది 60.88. తక్కినది కోతలోను, పాడైన ఠావులలోను, మిగిలిన కొద్ది ఠావులలోను ఉన్నది. కొన్న కాగితములో ఏడవ వంతు పుస్తకమున చేరదన్నమాట.

ఇప్పుడు గాలి సంగతి. కాగితము సెల్యులోజు పీచు. ఆ అణువులయందలి హైడ్రాక్సిల్ సమూహములు నీటి అణువులను పట్టుకొనును. గాలి తేమగానున్నచో కాగితము నీటిని గ్రహించును, పొడిగానున్నచో విడుచును. నేటి అంతర్జాతీయ ప్రమాణము ప్రకారము కాగితమును పరీక్షించుటకు 23 డిగ్రీల సెంటిగ్రేడు ఉష్ణోగ్రత, 50 శాతము సాపేక్ష ఆర్ద్రత ఉండవలెను. అప్పుడు సాధారణ కాగితము బరువులో సుమారు 6 శాతము నీరు. అనంతపురము పడమటి కనుమల వర్షచ్ఛాయలోనున్నది. ఏటి వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు. ఏప్రిల్ మధ్యాహ్నములలో ఆర్ద్రత 30 శాతమునకు దిగుట కలదు. విప్పియుంచిన కాగితములో అప్పుడు 4 శాతము నీరు మిగులుననుకొందము.

మన 60.88 కిలోలలో నీరు పోగా పొడి పీచు 57.23 కిలోలు. ఇది మారదు. 4 శాతము తేమతో మొత్తము 59.61 కిలోలు తూగును. కిలోకు మించి తగ్గినది. ఒక్క ఠావును పోలేదు. కాని తూకమును చూచి 30.44 గ్రాములకు ఒక ఠావు చొప్పున భాగించినవారికి 1,958 మాత్రమే వచ్చును. 42 ఠావులు, అనగా 14 ప్రతుల కాగితము, ఎవరో తీసిరని అనుమానము కలుగును. దీనికి విపరీతము మరింత నష్టకరము. వానకాలమున కోస్తా గిడ్డంగిలో నిలువయుండి 9 శాతము తేమ పట్టిన కాగితములో 64 ఠావులు తక్కువైనను తూకము 60.88 కిలోలే చూపును. అందుచేత కాగితమును తూకమున కొన్నను, ఠావుల లెక్కన ఒప్పుకొనవలెను. విప్పని కట్టలో తేమ మార్పు మెల్లగా జరుగును. కనుక రీములను ముద్రణకు ముందే విప్పి ఎండగాలిలో ఉంచరాదు.

పొడిగాలి చేయు కీడు తూకముతో ఆగదు. కట్ట అంచులు ముందుగా ఎండి బిగిసికొనును, నడుమ వదులుగా ఉబ్బును. ఒకదానిపై నొకటి రాచుకొన్న పొడి ఠావులలో స్థిరవిద్యుత్తు పుట్టి అవి అంటుకొనును. యంత్రము ఒకటికి బదులు రెండు లాగును. పీచు నీటిని పీల్చినపుడు పొడవునకంటె అడ్డముగా ఎక్కువ ఉబ్బును. కావున మొదటి రంగు అచ్చైన తరువాత కాగితము తేమ మారినచో రెండవ రంగు చోటు తప్పును. చేతియంత్రముల కాలమున యూరపులో ముద్రాపకులు కాగితమును ముందుగా తడిపి అచ్చు వేసెడివారు. నేడట్లు చేయుట కుదరదుగాని, వేసవిలో యంత్రమున్న గదిలో తడిగోనెలు వ్రేలాడదీయుట, నేల తడుపుట ఉపయోగకరము. ఇక్కడ మార్చి మొదలు మే వరకు అచ్చు వేయించువారు ఫారమునకు 36 ఠావులకు బదులు 45 వదలుకొనుట మంచిది. 1,800కు 135 చేరినను మొత్తము 1,935. నాలుగు రీములు అప్పటికిని చాలును.

ఈ మార్పును తరగతిలో చూపవచ్చును. 75 గ్రాముల ఎ-4 కాగితములు 20 తీసికొని, విడివిడిగా దారముపై ఆరవేసి, ఏప్రిల్‌లో ఒకనాటి తెల్లవారుజామున తూచుడు. సుమారు 94 గ్రాములుండును. ఆనాడే మధ్యాహ్నము మూడు గంటలకు తిరిగి తూచుడు. తగ్గిన బరువు ఒకటి రెండు గ్రాములు ఉండవచ్చును. కనుక గ్రాములో పదవ వంతు చూపు త్రాసు కావలెను. ప్రక్కనే తడి, పొడి ఉష్ణమాపకములుంచి ఆర్ద్రతను కూడ వ్రాసికొనుడు. సెప్టెంబరు వానలలో అవే కాగితములతో మరల చేసి, రెండు కాలముల అంకెలను ఒకే రేఖాపటముపై గీయుడు.