బిడ్డ నడకను బట్టి మన ఆశ

రుద్రారం గణేశ్‌గడ్డకు, ఝరాసంగం కేతకీ సంగమేశ్వరుని సన్నిధికి మొక్కుకోవడానికి వచ్చే దంపతులలో కొందరి ఒడిలో మాట రాని బిడ్డయో, నడక రాని బిడ్డయో ఉంటుంది. "పంతులుగారూ, వీడు అందరిలాగా ఎప్పుడవుతాడు?" అన్నది వారి ప్రశ్న. అష్టావక్రుని కథ చెప్పి, ధైర్యంగా ఉండమని పంపడం మావంటివారికి పరిపాటి.

నేనూ అట్లాగే చేశాను. చాలా ఏండ్ల క్రిందట పటాన్‌చెరులో షిఫ్టు పని చేసుకొనే ఒక తండ్రి నాలుగేండ్ల కుమారుని తీసుకొని వచ్చాడు. ఆ బాలుడు పిలిస్తే పలకడు, ముఖంలోకి చూడడు. "అక్షరాభ్యాసం చేయించండి, మాటలు అవే వస్తాయి" అన్నాను. వారు నా మాట నమ్మి రెండేండ్లు వేచి ఉన్నారు. శిక్షణ ఎక్కువగా ఫలించే లేతవయస్సు అట్లా గడిచిపోయింది. ఆ దోషం నాది. అందుకే ఈ నాలుగు మాటలు.

భారతం అరణ్యపర్వంలోని అష్టావక్రునికి దేహమే వంకర గాని, బుద్ధి అఖండం. జనకుని సభలో వందిని గెలిచాడు. పిదప సమంగా నదిలో మునగగా అవయవాలు చక్కబడ్డాయి. అది ఆ మహర్షి చరిత్ర. ప్రతి బిడ్డకూ ఇచ్చిన వాగ్దానం కాదు. ఆ కథలో సైతం శాపానికి మూలం తండ్రి కోపమే గాని, శిశువు పాపం కాదు. కాబట్టి "ఏ జన్మలో ఏమి చేశారో" అని ఆ తల్లిని ఎవరూ అనరాదు.

మనకు పనికివచ్చే కథ పంచతంత్రంలో ఉన్నది. అమరశక్తి మహారాజు కుమారులు ముగ్గురికీ చదువు అబ్బలేదు. వ్యాకరణానికే 12 ఏండ్లు పడుతుందని మంత్రులన్నారు. విష్ణుశర్మ ఆ దారి విడిచి, వారికి అందే కథలతో బోధించాడు. ఆరు నెలల గడువును పట్టుకోకండి, పద్ధతిని గ్రహించండి. చదువును బిడ్డ దగ్గరకు తేవాలి.

చొక్కా తొడుక్కోవడమే చూడండి. అన్నీ మీరే చేసి, చివరి గుండీ ఒక్కటి బిడ్డకు విడవండి. అది వచ్చాక రెండు గుండీలు. ఈ ఏడాది తన చేత్తో అన్నం తినడం, వచ్చే ఏడాది మరుగుదొడ్డి అవసరం తెలపడం అని లక్ష్యం పెట్టుకోండి. ప్రక్కింటి పిల్లవానితో కాక, నిరుటి తనతోనే పోల్చండి. ఒకరు చదువుతారు, ఒకరు పని నేరుస్తారు, ఒకరికి జీవితాంతం చేయూత కావాలి. ఇట్లా ఎరిగి ఆశించడం ఆశ వదులుకోవడం కాదు.

సందేహం కలిగిన నాడే వైద్యునికి చూపండి. సికింద్రాబాదు మనోవికాస్‌నగర్‌లో 1984లో నెలకొన్న కేంద్రప్రభుత్వ సంస్థ, నేటి ఎన్.ఐ.ఇ.పి.ఐ.డి., బుద్ధి వికాసంలో వెనుకబడిన పిల్లలను పరీక్షించి శిక్షణ ఇస్తుంది. మండలాలలో భవిత కేంద్రాలున్నాయి. వైకల్య ధ్రువపత్రం తీసుకోండి. 2016 నాటి చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది; 40 శాతానికి తక్కువ కాని వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుండి 18 ఏండ్ల వరకు ఉచిత విద్య హక్కు. "మా తరువాత వీనికెవరు?" అన్న దిగులుకు కూడా దారి ఉన్నది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం ఉన్నవారికి 18 ఏండ్లు నిండాక 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం క్రింద సంరక్షకుని నియమింపజేసుకోవచ్చు.

మొక్కు మానమని నేననను. మొక్కు తల్లిదండ్రులకు ఓర్పునిస్తుంది. శిక్షణ బిడ్డకు చేతనైన పనిని ఇస్తుంది. రెండూ కావాలి.

దాతలకు ఒక మనవి. తండ్రి రాత్రి షిఫ్టులో ఉంటాడు, అవ్వాతాతలు ఊళ్లో ఉంటారు. ఒంటరి తల్లి బిడ్డను శిక్షణకు తీసుకొని పోవడానికి ఆటో కిరాయే భారం. మీ వీధిలో అటువంటి ఇల్లుంటే ఆ కిరాయి మీరు ఇవ్వండి. అదీ స్వామి సేవయే.