తుప్పుతో హైడ్రోజన్: గాజు పలక మీద పలుచటి పొర కథ

వానాకాలం పోయేసరికి ఇంటి గేటుకు, డాబా మీది ఇనుప చువ్వలకు ఎర్రగా తుప్పు పట్టేస్తుంది. కొందరు జంగు అంటారు, కొందరు సిలుము అంటారు. గీకేసి రంగు వేయిస్తాం. అదే తుప్పును శాస్త్రవేత్తలు గాజు పలకల మీద పనిగట్టుకుని పట్టిస్తున్నారు. ఎండ పడినప్పుడు ఆ పొర నీటిని విడగొట్టి హైడ్రోజన్ ఇవ్వాలన్నది వాళ్ల ప్రయత్నం.

హైడ్రోజన్‌తో మనకేం పని?

పొలానికి వేసే యూరియా అమ్మోనియా నుంచి వస్తుంది. అమ్మోనియాకు హైడ్రోజన్ కావాలి. ఇప్పుడు ఆ హైడ్రోజన్‌ను ఎక్కువగా సహజవాయువు, బొగ్గు నుంచే తీస్తున్నారు. మన దేశం సహజవాయువును పెద్ద ఎత్తున దిగుమతి చేసుకుంటోంది. బయట గ్యాస్ ధర పెరిగితే ఆ భారం ఇక్కడి ఎరువు మీద పడుతుంది.

అందుకే కేంద్రం 2023 జనవరిలో 19,744 కోట్ల రూపాయలతో జాతీయ గ్రీన్ హైడ్రోజన్ మిషన్‌ను ఆమోదించింది. 2030 నాటికి ఏటా 50 లక్షల టన్నులు తయారు చేయాలన్నది లక్ష్యం. దీనికి ప్రధానంగా అనుకుంటున్న దారి సోలార్, గాలి కరెంటుతో నీటిని విడగొట్టడం. తుప్పు పలకది వేరే దారి. ఎండను పట్టే పొరే నీటిలో మునిగి ఉండి, అక్కడికక్కడే పని చేయాలి. ఒక కిలో హైడ్రోజన్‌కు సుమారు 9 లీటర్ల నీరు ఖర్చవుతుంది.

తుప్పే ఎందుకు?

1972లో జపాన్ శాస్త్రవేత్తలు అకిరా ఫుజిషిమా, కెనిచి హోండా టైటానియం డయాక్సైడ్‌తో ఇది సాధ్యమేనని చూపించారు. తెల్ల పెయింట్లలో వాడే పదార్థమే అది. కానీ అది అతినీలలోహిత కాంతిని మాత్రమే పట్టుకుంటుంది. మొత్తం ఎండలో ఆ వాటా 5 శాతం దాకానే. 1998లో అమెరికాలో ఖసెలెవ్, టర్నర్ గాలియం, ఇండియం ఉన్న పొరలతో 12 శాతం సామర్థ్యం దాటారు. అయితే ఆ పొరలు చాలా ఖరీదైనవి, పైగా నీటిలో ఎక్కువ కాలం నిలవలేదు.

ఇనుము అలా కాదు. భూమి పైపొరలో సుమారు 5 శాతం ఇనుమే. దాని ఆక్సైడ్ అయిన హెమటైట్ చౌక, విషం కాదు, కంటికి కనిపించే కాంతిలో కొంత భాగాన్నీ పట్టుకుంటుంది. లెక్క ప్రకారం 15 శాతం దాకా సామర్థ్యం రావచ్చు.

పొర ఎలా వేస్తారు?

ఒక పద్ధతి వంటింటి పనిలాగే ఉంటుంది. కరెంటును పారనిచ్చే పూత ఉన్న గాజును శుభ్రంగా కడుగుతారు. ఐరన్ క్లోరైడ్, సోడియం నైట్రేట్ కలిపిన నీటిలో నిలబెట్టి, 100 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచుతారు. గాజుకు పసుపు పొర పడుతుంది. దాన్ని 550 డిగ్రీల కొలిమిలో కాలిస్తే ఎర్రటి హెమటైట్ అవుతుంది. తర్వాత కొద్ది నిమిషాలు 800 డిగ్రీల్లో ఉంచుతారు. అప్పుడు గాజు పూతలోని తగరం కొంచెం పొరలోకి ఎక్కి, కరెంటు బాగా పారుతుంది.

అసలు చిక్కు ఇక్కడే

కాంతి తగలగానే పొరలో ఒక ఎలక్ట్రాన్ కదిలి, దాని చోట ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీ నీటి దాకా చేరితేనే పని జరుగుతుంది. తుప్పులో మాత్రం అది 2 నుంచి 4 నానోమీటర్లు వెళ్లేలోపే ఎలక్ట్రాన్ వచ్చి పూడ్చేస్తుంది. పోనీ పొరను అంత పలుచగా చేద్దామంటే ఎండ దాటిపోతుంది. కాంతిని పట్టాలంటే వందల నానోమీటర్ల మందం కావాలి.

దీనికి విరుగుడు ఆకారంలో దొరికింది. పొరను పలకలా కాకుండా చీపురు పుల్లల్లా, కొమ్మల్లా పెంచుతారు. సందుల్లోకి నీరు దిగుతుంది కాబట్టి ఖాళీకి దారి దగ్గరవుతుంది. స్విట్జర్లాండ్‌లోని లొసాన్‌లో మైకేల్ గ్రాట్జెల్ బృందం 2006లో సిలికాన్ కలిపి ఇలాంటి కొమ్మల పొర చేసింది.

ఇదే బృందం 2011లో రాగి ఆక్సైడ్‌తోనూ ప్రయత్నించింది. మైలుతుత్తం నుంచి కరెంటు పూత పద్ధతిలో చౌకగా వచ్చే పొర ఇది. కానీ నీటిలో ఎండ పడగానే తనే చెడి రాగిగా మారిపోతుంది. అందుకే దాని మీద జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ లాంటి రక్షణ పొరలు కప్పారు.

ఎక్కడి దాకా వచ్చింది?

తుప్పు పలకలు ఆ 15 శాతానికి ఇంకా చాలా దూరంలో ఉన్నాయి. తుప్పు ఒక్కటే హైడ్రోజన్ తీయలేదు కూడా. కొంత అదనపు వోల్టేజి కావాలి, అందుకు వెనకాల ఒక సోలార్ సెల్ పెట్టి చూస్తున్నారు. వచ్చిన హైడ్రోజన్, ఆక్సిజన్ కలిస్తే పేలే ప్రమాదం ఉంటుంది కనుక వాటిని విడివిడిగా పట్టాలి.

కాబట్టి ఇది రేపే డాబా మీదికి వచ్చే వస్తువు కాదు. ఎవరైనా అలా చెప్పి అమ్మజూపితే నమ్మొద్దు. కానీ ముడిసరుకు మాత్రం ఎవరి గుప్పిట్లోనూ లేదు. మిగిలింది తయారీ నేర్పు. అది కెమిస్ట్రీ, ఫిజిక్స్ చదివే పిల్లలు పట్టుకోదగ్గ పనే. ఇంట్లో ఎవరైనా ఎమ్మెస్సీలోనో, బీటెక్‌లోనో ప్రాజెక్టు కోసం వెతుకుతుంటే, ఆ గేటు మీది తుప్పును ఒకసారి చూపించండి.