పెద్దమ్మను చిక్కించిన షరతే విడిపించింది

నలుగురు దొంగలు పేదరాశి పెద్దమ్మ ఇంట్లో దిగారు. దోచుకొచ్చిన నగానట్రా బిందెలో పెట్టి ఆమెకు అప్పగించారు. "నలుగురమూ కలిసి వచ్చి అడిగితేనే ఇవ్వాలి" అన్నారు. మరునాడు ముగ్గురు చెట్టు కింద చేరి, మజ్జిగకు ముంత తెమ్మని నాలుగోవాణ్ణి పంపారు. వాడు పోయి బిందె ఇమ్మన్నాడు. పెద్దమ్మకు అనుమానం వచ్చింది. గడపలో నిలబడి "ఇమ్మంటారా?" అని కేకేసింది. "ఇవ్వు, ఇవ్వు" అన్నారు ముగ్గురూ. వాడు బిందెతో దొడ్డిదారిన ఉడాయించాడు.

దొంగసొమ్మే అయినా ఫిర్యాదు చేయడానికి ఆ ముగ్గురికీ జంకు లేకపోయింది! సొమ్మంతా పెద్దమ్మే కట్టాలని తీర్పయింది. ఉన్న గుడిసె అమ్మినా తీరని బాకీ. ఏడుస్తూ పోతున్న ఆమెను దారిలో ఒక కుర్రవాడు ఆపి సంగతంతా విన్నాడు.

కథ చెప్పే తాతలు సరిగ్గా ఇక్కడే ఆగుతారు. "నువ్వయితే ఏం చెబుతావురా?" అని పిల్లవాణ్ణి అడుగుతారు. చిక్కు విప్పేదాకా నిద్ర పట్టదు.

"నలుగురూ వస్తేనే కదా ఇవ్వాలి? ఆ నాలుగోవాణ్ణి తీసుకురమ్మను, ఇస్తానను" అన్నాడు కుర్రవాడు. సంగతి విన్న రాజు అతణ్ణే న్యాయాధికారిని చేశాడు. అతడే మర్యాద రామన్న. 2010లో వచ్చిన సినిమాకు ఉన్నది ఇతని పేరే గాని కథ వేరు.

ఈ చిక్కు మన పల్లెలకే చెందింది కాదు. క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో వలేరియస్ మాక్సిమస్ అనే రోమను రచయిత ఇంచుమించు ఇదే కథ రాశాడు. అక్కడ సొమ్ము దాచినవారు ఇద్దరు, దాచుకున్నది ఒక స్త్రీ. ఆమె పక్షాన వాదించింది గ్రీకు వక్త డెమాస్తనీసు.

రామన్న తీర్పులన్నీ ఇంత గట్టివి కావు. నెయ్యి అప్పు తగవులో ఆడవాళ్లిద్దరినీ బురదలో నడిపించి, కాళ్లు కడుక్కోమని చెరొక చెంబు నీళ్లిచ్చాడట. చెంబెడూ ఒంపినా బురద పోనిది దుబారా మనిషి గనుక, పాడి ఎంత ఉన్నా అప్పు చేసింది ఆమే అని తేల్చాడు. వినడానికి సొంపుగానే ఉంటుంది. నేటి కోర్టులో మాత్రం అది సాక్ష్యం కాదు.

పెద్దమ్మ కథ అలా కాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 165వ సెక్షను ప్రకారం, ఉమ్మడి యజమానులు దాచమని ఇచ్చిన వస్తువును, వేరే ఒప్పందం లేకపోతే, వారిలో ఒక్కరికి తిరిగి ఇచ్చినా చెల్లుతుంది. అంటే షరతు లేకుంటే పెద్దమ్మ మీద తగవే లేదు. షరతు వల్ల చిక్కింది, ఆ షరతే పట్టుకుని బయటపడింది. ముగ్గురూ నోటితో "ఇవ్వు" అన్నారు కదా అని నేటి వకీలు మరో పాయింటు కూడా లాగవచ్చు.

బ్యాంకులో ఇద్దరి పేర ఖాతా తెరిచేటప్పుడూ ఈ మాటే అడుగుతారు. ఎవరు వచ్చినా సొమ్ము ఇవ్వాలా, ఇద్దరూ సంతకం పెడితేనే ఇవ్వాలా అన్నది కాగితం మీద రాయించుకుంటారు. ఆ గడి దగ్గర చాలామంది గుమాస్తా చూపిన చోట వేలిముద్ర వేసి వచ్చేస్తారు.