జనరేటరు తిరుగుతున్నది, ఏరేటర్లు కదలవు



ఈవేళ రొయ్యల చెరువుగట్టు మీద షెడ్డులో వుండే డీజిల్ జనరేటరును గురించి నాలుగు మాటలు చెప్పుకుందాము. ఉండి, ఆకివీడు, కైకలూరు ప్రాంతాల రైతులకు దాని అవసరం నేను వేరే చెప్పనక్కరలేదు. పగలు నీటిలోని పచ్చని ప్లాంక్టన్ ఎండకు ప్రాణవాయువును తయారు చేస్తుంది. రాత్రి అదే ప్లాంక్టన్, రొయ్యలు, అడుగున కుళ్ళే మేత కలిసి దానిని ఖర్చు పెట్టేస్తాయి. కనుక తెల్లవారుజామున చెరువులో ప్రాణవాయువు మరీ తక్కువ. లీటరుకు 3 మిల్లీగ్రాములకు దిగిందంటే రొయ్య ఇబ్బంది పడుతుంది. సరిగ్గా ఆ వేళకే కరెంటు పోతే?

కిందటి వర్షాకాలంలో ఒక రాత్రి మూడు గంటలకు ఒక రైతు ఫోను చేశాడు. "ఆఫీసరుగారూ, ఇంజను బ్రహ్మాండంగా తిరుగుతోందండి. ఏరేటర్లు మాత్రం కదలడం లేదండి!" అన్నాడు. నేను వెళ్ళేసరికి రొయ్యలు గట్టు వారకు వచ్చేస్తున్నాయి. వోల్టుమీటరు ముల్లు సున్న దగ్గరే వుంది. ఆయన కంగారులో గవర్నరు స్క్రూ బిగించి ఇంజను వేగం పెంచుతున్నాడు. చేయకూడని పని అదే సుమా!

మన సెట్లలో ఎక్కువభాగం నిమిషానికి 1500 చుట్లు తిరగాలి. అప్పుడు 50 సైకిళ్ళ కరెంటు వస్తుంది. లోడు లేనప్పుడు 51, 52 వున్నా ఫరవాలేదు. మొదట చూడవలసింది ఈ సైకిళ్ళ మీటరునే. అది 45కు పడిపోయి, దానితోపాటు వోల్టేజి కూడా పడితే తప్పు ఇంజనుది. డీజిల్ ఫిల్టరు, గాలి ఫిల్టరు, పైపులో చేరిన గాలి చూసుకోండి. ముల్లు ఊగుతూ వుంటే డీజిల్‌లో నీరు కలిసిందేమో చూడండి. సైకిళ్ళు సరిగా వుండి వోల్టేజి లేకపోతే మాత్రం ఇంజను జోలికి పోవద్దు, తప్పు ఆల్టర్నేటరు వైపున వుంది.

గిన్నెడు పాలు తోడుకోవాలంటే చెంచాడు మజ్జిగ వుండాలి గదా! ఆల్టర్నేటరూ అంతే. దాని ఇనుములో కొద్దిపాటి అయస్కాంత గుణం మిగిలి వుంటేనే కరెంటు పుట్టడం మొదలవుతుంది. నెలల తరబడి తిప్పకుండా వదిలేస్తే ఒక్కొక్కసారి ఆ తోడు పోతుంది. ఆ రాత్రి జరిగింది అదే. ఇంజను ఆపి, వోల్టేజి రెగ్యులేటరు వైర్లు విప్పి, 12 వోల్టుల బ్యాటరీతో ఫీల్డు చుట్టకు ప్లస్సుకు ప్లస్సు, మైనస్సుకు మైనస్సు కొద్ది సెకండ్లు తగిలిస్తే మళ్ళీ తోడు పడుతుంది. ఇది మెకానిక్ చేత చేయించండి. తలకిందులుగా తగిలిస్తే కొత్త తంటా వస్తుంది. మెకానిక్ వచ్చేలోగా ఆయన చెరువులో ఆక్సిజన్ బిళ్ళలు చల్లాడు, డీజిల్ పంపుతో నీటిని ఎగజిమ్మించాడు. కొంత సరుకు పోయింది గాని చెరువు నిలిచింది.

అసలు వోల్టేజి రాకపోవడానికి అరిగిన బ్రష్షులు, చెడిన డయోడు, కాలిన ఫ్యూజు, ఎలుక కొరికిన వైరు కూడా కారణాలు కావచ్చు. ఇవి చూడకుండానే రెగ్యులేటరు మార్చేసేవారు మన వైపు చాలామందే వున్నారు. దాని ఖరీదు తెలిసినదే.

లోడు వేయగానే వోల్టేజి కూలిపోతే లెక్క వేసి చూడండి. 25 కె.వి.ఎ. సెట్టు మూడు ఫేజుల మీద ఇవ్వగలది సుమారు 35 ఆంపియర్లు. రెండు హార్సుపవరు ఏరేటరు నడిచేటప్పుడు మూడున్నర తీసుకుంటుంది, బయలుదేరేటప్పుడు దానికి ఆరు రెట్లు. ఎనిమిదింటిని ఒక్కసారి వేస్తే జనరేటరు ఏం చేస్తుంది పాపం! ఒకటి అందుకున్నాక మరొకటి వేయండి.

ఫేజుల మధ్య 415 సరిగా వుండి, న్యూట్రల్‌కు ఒక ఫేజు 170, మరొకటి 280 చూపిస్తే న్యూట్రల్ వదులైనదన్నమాట. వెంటనే సెట్టు ఆపాలి, లేకపోతే బల్బులు, మీటర్లు కాలిపోతాయి. షెడ్డులో 415 వుండి ఏరేటరు దగ్గర 360 వుంటే వైరు సన్నం. ఆ తక్కువ వోల్టేజికి మోటారు ఎక్కువ కరెంటు లాగి వేడెక్కి కాలుతుంది.

తడి చేతులతో మీటరు పట్టకండి. చేంజోవర్ స్విచ్చి లేకుండా సెట్టును ఇంటిలైనుకు కలిపితే, స్తంభం ఎక్కిన లైన్‌మాన్ ప్రాణం పోతుంది. ఇందులో మినహాయింపు లేదు.

కరెంటు వున్నా సరే, పదిహేను రోజులకొకసారి ఏరేటర్లను కలిపి అరగంట జనరేటరు మీద నడపండి. మెకానిక్‌కు ఫోను చేసినప్పుడు సైకిళ్ళు ఎంత, లోడు లేకుండా వోల్టులెంత, లోడుతో ఎంత అనే మూడు అంకెలూ చెప్పండి. ఏ సామాను పట్టుకుని బయలుదేరాలో ఆయనకు అక్కడే తెలుస్తుంది.