పెద్ద థ్రాటిల్ వేస్తే పికప్ పెరుగుతుందా?

మన క్యాంపుల్లో ఇద్దరు ముగ్గురు కలిసి ఒక పాత కారు కొనుక్కోవడం మామూలే. కొన్న కొన్నాళ్లకే "పికప్ లేదు" అన్న మాట మొదలవుతుంది. వెంటనే ఎవరో ఒకరు "పెద్ద థ్రాటిల్ బాడీ వేయించు, బండి ఎగురుతుంది" అని సలహా ఇస్తారు. స్పేర్ పార్ట్సు బిల్లులు రాసే గుమస్తాలం కాబట్టి ఈ మాట మేము తరచూ వింటూ ఉంటాం. ఎండలో కష్టపడి సంపాదించిన డబ్బు దాని మీద పెట్టే ముందు ఒకసారి లెక్క చూసుకుందాం.

థ్రాటిల్ బాడీ అంటే ఇంజిన్‌లోకి గాలి వెళ్లే దారిలో ఉండే తలుపు. యాక్సిలరేటర్ తొక్కితే లోపలి రేకు తెరుచుకుంటుంది. అది గాలిని లోపలికి నెట్టదు. లాక్కునేది ఇంజినే. ఊళ్లో రెండు హార్స్ పవర్ మోటారుకు నాలుగంగుళాల పైపు బిగిస్తే నీళ్లు రెట్టింపు వస్తాయా? ఇదీ అంతే.

1600 సి.సి. ఇంజిన్ తీసుకుందాం. ఒక్కో సిలిండరు రెండు చుట్లకు ఒకసారి గాలి పీలుస్తుంది. నిమిషానికి 6000 చుట్లు తిరిగితే 1.6 లీటర్లు × 3000, అంటే 4800 లీటర్లు. సిలిండర్లు పూర్తిగా నిండవు కాబట్టి 85 శాతం వేసుకుంటే సుమారు 4100 లీటర్లు. సెకనుకు 68 లీటర్లన్న మాట. 50 మి.మీ. మూతిలోంచి ఈ గాలి సెకనుకు 35 మీటర్ల వేగంతో పోతుంది. మామూలు ఇంజిన్‌కు ఇది పెద్ద అడ్డంకి కాదు. పైగా రోడ్డు మీద మనం ఎక్కువగా నడిపేది 2000, 3000 చుట్ల దగ్గరే. అక్కడ కావలసిన గాలి ఇందులో సగం కూడా ఉండదు.

మరి పెద్దది వేసినవాళ్లు "తేడా తెలుస్తోంది" అంటారెందుకు? 50 బదులు 60 మి.మీ. వేస్తే మూతి వైశాల్యం 44 శాతం పెరుగుతుంది. పెడల్ కొంచెం తొక్కగానే ఎక్కువ గాలి పోయి బండి ముందుకు ఉరుకుతుంది. పూర్తిగా తొక్కితే బలం దాదాపు పాతదే. ట్రాఫిక్‌లో మాత్రం బండి కుదుపులు పెడుతుంది, ఐడిలింగ్ కుదరకపోవచ్చు. మానిఫోల్డ్ మూతి 50 దగ్గరే ఉంటే మధ్యలో అంచు తగిలి ఆ కాస్త లాభమూ ఉండదు.

పెద్దది నిజంగా అవసరమా అని తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. గ్యారేజీలో డైనో మీద బండి పెట్టించి, మానిఫోల్డ్‌కు వాక్యూమ్ గేజ్ తగిలించాలి. పూర్తి థ్రాటిల్‌లో, ఎక్కువ చుట్ల దగ్గర ముల్లు సున్నాకు దగ్గరగా ఉంటే ఉన్న సైజు చాలు. ఒకటి, ఒకటిన్నర అంగుళాల పాదరసం దాటితే గాలికి అడ్డు ఉన్నట్టు. ముందు ఎయిర్ ఫిల్టర్ మార్చి మళ్లీ చూడాలి. అప్పటికీ తగ్గకపోతే 5 మి.మీ. పెద్దది ఆలోచించవచ్చు. కామ్, హెడ్, ఎగ్జాస్ట్ మార్చిన ఇంజిన్లకే సాధారణంగా ఈ అవసరం పడుతుంది.

మన పాత బండ్లకు పికప్ తగ్గడానికి కారణాలు వేరే. ఇసుక దుమ్ముతో నిండిన ఫిల్టర్, అరిగిన ప్లగ్గులు, థ్రాటిల్ రేకు అంచున పేరుకున్న మసి. వీటిని ముందు చూపించండి. మసిని క్లీనర్ స్ప్రేతో, మెత్తటి గుడ్డతో తుడవవచ్చు. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ అయితే ఇగ్నిషన్ ఆన్‌లో ఉండగా రేకు దగ్గర వేలు పెట్టకండి, నలిగిపోతుంది. ఇంకొక సంగతి, 45 డిగ్రీల ఎండలో గాలి 20 డిగ్రీలప్పటి కంటే 8 శాతం పలచన. ఎండాకాలం బండి మందగిస్తే అందులో కొంత వాతావరణం పనే.

ఎమిరేట్స్‌లో ఉన్నవాళ్లు ఇంజిన్‌లో ఏ మార్పు చేయించాలన్నా ముందు రిజిస్ట్రేషన్ పరీక్ష కేంద్రంలో అడగండి. అనుమతి లేని మార్పు ముల్కియా రెన్యువల్ దగ్గర పట్టుబడితే ఖర్చు రెండింతలు. ముందు ఫిల్టర్, ప్లగ్గులు, మసి. తర్వాత గేజ్. సామాను కొనడం ఆఖరి మాట.