ఆటలో కారు, కొండమీద బస్సు

పిల్లలూ! ఒకసారి మా బడిపిల్లలతో బస్సులో తిరుమల కొండ దిగుతున్నాను. ఒక కుర్రవాడు, "డ్రైవరన్నా, ఇంకా వేగంగా పోనీ! మా ఆటలో కార్లు ఇట్లా నత్తనడక నడవవు!" అన్నాడు. డ్రైవరు నవ్వి, గేరు తగ్గించాడు.

వాడు చెప్పిన ఆట "ఇంటర్‌స్టేట్ 82". కార్లు తుపాకులు కట్టుకుని పోరాడే కంప్యూటరు ఆట. అమెరికాలోని యాక్టివిజన్ సంస్థ 1997లో "ఇంటర్‌స్టేట్ 76" అనే ఆటను తెచ్చింది. 1999లో వచ్చిన రెండవ భాగమే ఇది. మొదటి కథ 1976లో, రెండవది 1982లో జరుగుతాయి. ఇందులో కారు పాడైతే దిగి, మరొక కారు ఎక్కవచ్చు!

మరి మన కొండమీదనో? తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డు 1944లో, రెండవది 1974లో వచ్చాయి. బండ్లు రెండవదానిలో ఎక్కి, మొదటిదానిలో దిగుతాయి.

డ్రైవరు గేరు ఎందుకు తగ్గించాడో తెలుసా? వేగం రెండింతలైతే, బండిలోని గతిశక్తి నాలుగింతలవుతుంది. బండి ఆగాలంటే ఆ శక్తినంతా బ్రేకులు వేడిగా మార్చాలి. అదే పనిగా బ్రేకు తొక్కితే అవి కాగిపోయి పట్టు తప్పుతాయి. చిన్న గేరులో ఇంజనే బండిని వెనక్కు పట్టి ఉంచుతుంది.

అందుకే ఘాట్ రోడ్డులో నిర్ణీత సమయంకన్నా ముందుగా చేరిన బండికి బహుమానం కాదు, జరిమానా పెట్టారు!

ఆట ఆడుకోండి, తప్పులేదు. కాని కొండ దిగేటప్పుడు డ్రైవరును తొందరపెట్టకండి. అక్కడ ఎక్కడానికి మరొక కారు ఉండదు.